మోకాలి నొప్పికి నడుము వ్యాయామం: ఏది ఎవరికి సరిపోతుంది?

మోకాలి నొప్పితో వచ్చినవాళ్ళని నేను ముందు మంచం మీద పడుకోమనను. కుర్చీలోంచి ఒకసారి లేచి నాలుగడుగులు వేయమంటాను. ఫిజియోథెరపిస్టుకి సగం సంగతి అక్కడే తెలిసిపోతుంది.

ఈ మధ్య ఒకావిడ వచ్చారు. అరవై దాటాయి. రెండు మోకాళ్ళలోనూ గుజ్జు అరిగిందన్నారని ఎక్స్‌రే కవరు పట్టుకొచ్చారు. లేవమన్నాను. కుర్చీ అంచుకి జరిగారు. రెండు అరచేతులూ తొడల మీద గట్టిగా ఆనించారు. ఒళ్ళంతా ఒకవైపుకి వాల్చి, ఊపిరి బిగబట్టి, ఒక్క ఊపుతో లేచారు. ఎడమ కాలు నేల మీద మోపినప్పుడల్లా భుజాలు ఎడమకి ఒరుగుతున్నాయి. ఆరు నెలలుగా రోజూ తొడ వ్యాయామం మానకుండా చేస్తున్నానని చెప్పారు. నిజమే, తొడ బాగానే గట్టిపడింది. మంచం మీద వెల్లకిలా పడుకోబెట్టి, నడుము కింద నా చెయ్యి పెట్టి, కాలు జానెడు ఎత్తమన్నాను. కాలు లేచింది, దాంతోపాటు నడుమూ విల్లులా పైకి లేచిపోయింది. కాలికి బలం వచ్చింది కానీ, ఆ కాలిని పట్టి నిలపాల్సిన నడుముకి రాలేదు.

ఆవిడకి చెప్పిందే ఇక్కడ వివరంగా రాస్తున్నాను. ఇప్పుడు ఫోన్ తెరిస్తే చాలు, ప్లాంక్ చేయండి, బ్రిడ్జ్ చేయండి, యోగా చేయండి అని వంద వీడియోలు వస్తాయి. వాటిలో చాలావరకు మంచివే. అయితే మోకాలు బాగున్నవాళ్ళని దృష్టిలో పెట్టుకుని చేసినవి. మోకాలు నొప్పి ఉన్నవాళ్ళు చూసుకోవాల్సింది వేరు. ఏ వ్యాయామం ఎక్కువ బలమిస్తుంది అన్నది తర్వాతి సంగతి. ఏ భంగిమని మీ మోకాలు ఓర్చుకుంటుంది అన్నదే ముందు.

నడుముకీ మోకాలికీ ఏమిటి సంబంధం?

నడుము అంటే వెనకవైపు వెన్ను ఒక్కటే కాదు. ముందు పొట్ట కండరాలు, పక్కన డొక్కల్లో ఏటవాలుగా ఉండేవి, వెన్నుపూసలకి అంటిపెట్టుకుని ఉండే చిన్న కండరాలు, పైన ఊపిరి తీసే డయాఫ్రమ్, అడుగున కటి కండరాలు, ఇవన్నీ కలిసి ఒక డబ్బాలా పనిచేస్తాయి. అన్నిటికన్నా లోపల, నడుముకి చుట్టూ పట్టీ కట్టినట్టుండే పొట్ట కండరం ఒకటుంది. ఆస్ట్రేలియాకి చెందిన పరిశోధకులు హాడ్జెస్, రిచర్డ్‌సన్ 1997లో చూపించింది ఏమిటంటే, ఆరోగ్యంగా ఉన్న మనిషి కాలు కదపబోతే, కాలి కండరం కన్నా ముందే ఈ పట్టీ బిగుస్తుంది. ముందు పునాది, తర్వాతే కదలిక.

పునాది వదులుగా ఉంటే ఆ లోటు కిందకి దిగుతుంది. ఒంటికాలి మీద బరువు పడ్డప్పుడు కటి ఒక పక్కకి జారుతుంది, తొడ లోపలికి తిరుగుతుంది, మోకాలు బొటనవేలికన్నా లోపలివైపుకి పోతుంది. మెట్లు దిగేటప్పుడు ఇదే జరుగుతుంది. కబడ్డీలో రైడర్ చటుక్కున వెనక్కి తిరిగినప్పుడూ ఇదే.

అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయం వాళ్ళు 277 మంది కాలేజీ క్రీడాకారుల మీద చేసిన అధ్యయనం 2007లో వచ్చింది. మొండేన్ని ఒక తాడుతో లాగి పట్టి, హఠాత్తుగా వదిలేసి, అది ఎంత దూరం ఊగుతుందో కొలిచారు. తర్వాత మూడేళ్ళు వాళ్ళని గమనించారు. 25 మందికి మోకాలి గాయాలయ్యాయి. అలా గాయపడ్డవాళ్ళ మొండెం, తాడు వదిలినప్పుడు మిగతావాళ్ళకన్నా ఎక్కువ ఊగింది. ముఖ్యంగా పక్కకి ఊగడం. ఆ రోజు వాళ్ళు కొలిచింది మోకాలిని కాదు, నడుముని.

ఇది రెండోవైపు నుంచి కూడా నడుస్తుంది. మోకాలు పూర్తిగా చాచలేనివాళ్ళకి నడుములో సహజంగా ఉండాల్సిన ఒంపు తగ్గిపోతుందని జపాన్ వైద్యులు 2003లో రాశారు. దానికి మోకాలు-వెన్ను సిండ్రోమ్ అని పేరు కూడా పెట్టారు. మోకాలు మడత పడి ఉంటే మనిషి ముందుకి వంగి నడుస్తాడు, వెన్ను కండరాలు రోజంతా ఆ బరువు మోస్తాయి. మోకాలి నొప్పి మొదలైన కొన్నేళ్ళకి నడుము నొప్పి వచ్చేవాళ్ళని మన ఇళ్ళలో చూస్తూనే ఉంటాం.

ఒక మాట గట్టిగా చెప్పాలి. మోకాలి నొప్పికి తొడ, తుంటి కండరాల వ్యాయామాలకి ఉన్న ఆధారాలు ఎక్కువ, అవి బలమైనవి. నడుము వ్యాయామం వాటికి తోడు మాత్రమే, బదులు కాదు. తొడ వ్యాయామం మానేసి ప్లాంక్ పట్టుకుంటే నష్టపోతారు.

ముందు ఇంట్లోనే మూడు పరీక్షలు

మొదటిది నేను ఆవిడకి చేసినదే. వెల్లకిలా పడుకోండి, నడుము కింద అరచెయ్యి పెట్టుకోండి. ఒక కాలు మడిచి, రెండో కాలు చాచి జానెడు ఎత్తండి. చేతి మీద ఒత్తిడి ఒక్కసారిగా తగ్గి నడుము పైకి లేచిందంటే మీకు ముందువైపు, అంటే పొట్ట కండరాల పని కావాలి.

రెండోది వంటగట్టు దగ్గర. అద్దం ఎదురుగా ఉంటే మరీ మంచిది, లేదా ఇంట్లో ఎవరినైనా చూడమనండి. గట్టు మీద వేళ్ళు ఆనించి ఒంటికాలి మీద 10 సెకన్లు నిలబడండి. ఎత్తిన కాలివైపు నడుము కిందకి జారినా, నిలబడ్డ కాలివైపు భుజాలు ఒరిగినా తుంటి పక్క కండరాలు, డొక్క కండరాలు బలహీనంగా ఉన్నాయని అనుమానించాలి. వైద్యులు దీన్ని ట్రెండెలెన్‌బర్గ్ గుర్తు అంటారు, 1895 నుంచీ వాడుతున్న పరీక్ష ఇది.

మూడోది కుర్చీ పరీక్ష. చేతులు ఛాతీ మీద కట్టుకుని, సుమారు 43 సెంటీమీటర్ల ఎత్తున్న కుర్చీ నుంచి 30 సెకన్లలో ఎన్నిసార్లు లేచి కూర్చోగలరో లెక్కపెట్టండి. కుర్చీని గోడకి ఆనించడం మరవద్దు. అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ లెక్క ప్రకారం 60 నుంచి 64 ఏళ్ళ ఆడవాళ్ళు 12 కన్నా, మగవాళ్ళు 14 కన్నా తక్కువ సార్లు లేస్తే ఆ వయసుకి తక్కువ కింద లెక్క. 70 నుంచి 74 ఏళ్ళవాళ్ళకి ఆడవాళ్ళలో 10, మగవాళ్ళలో 12. చేతులు వాడకుండా ఒక్కసారి కూడా లేవలేకపోతే సున్నా అని రాసుకోండి, నెల తర్వాత మళ్ళీ చూడండి. సున్నా నుంచి నాలుగుకి వచ్చిన రోజు ఆ మనిషి ముఖంలో కనపడే సంతోషం నాకు బాగా తెలుసు.

ప్లాంక్ చేయాలా, డెడ్ బగ్ చేయాలా?

ప్లాంక్ అంటే బోర్లా తిరిగి, మోచేతులూ కాలివేళ్ళూ మాత్రమే నేలకి ఆనించి, ఒళ్ళు పలకలా తిన్నగా పట్టి ఉంచడం. ఇందులో మోకాలు మడవక్కర్లేదు, కాబట్టి మోకాలికి మంచిదే అనిపిస్తుంది. చిక్కంతా కిందకి దిగడంలోనూ పైకి లేవడంలోనూ ఉంది. నేల మీద మోకాళ్ళు ఆనించకుండా ప్లాంక్‌లోకి వెళ్ళే పెద్దవాళ్ళని నేను చూడలేదు. మోకాలి చిప్ప వెనక నొప్పి ఉన్నవాళ్ళకి ఆ ఒక్క క్షణమే ఆ పూటంతా నొప్పి తెచ్చిపెడుతుంది. పైగా అలసిపోయాక నడుము కిందకి వేలాడేస్తారు, అప్పుడు పొట్ట కండరాలు వదిలేసి వెన్నుపూసలే బరువు మోస్తాయి.

డెడ్ బగ్ అంటే వెల్లకిలా పడుకుని చేసేది. గట్టి పరుపు మీద మంచం పైనే చేసుకోవచ్చు. మోకాళ్ళు మడిచి పాదాలు ఆనించి పడుకోండి. బొడ్డు చుట్టూ పట్టీ కొద్దిగా బిగించినట్టు పొట్ట బిగించండి. పొట్ట లోపలికి పీల్చేయడం కాదు, ఎవరో వేలితో పొడవబోతున్నారంటే ఎలా బిగుస్తుందో అలా. ఇప్పుడు ఒక మడమ మెల్లగా జారుస్తూ కాలు చాచండి, మళ్ళీ వెనక్కి తెచ్చుకోండి. నడుము కదలకూడదు, ఊపిరి ఆగకూడదు. ఇది తేలికయ్యాక రెండు చేతులూ పైకి చాచి, ఒక చెయ్యి తల వెనక్కి, ఎదుటివైపు కాలు ముందుకి. ఆ తర్వాత పాదాలు గాల్లో పెట్టి చేయడం.

అరిగిన మోకాలికి, ఆపరేషన్ అయిన మోకాలికి, చిప్ప నొప్పికి, అన్నిటికీ మొదటి ఎంపికగా నేను దీన్నే ఇస్తాను. మోకాలి మీద బరువే పడదు. మొదట చెప్పిన ఆవిడకి కూడా దీంతోనే మొదలుపెట్టాం.

ప్లాంకే కావాలంటే వంటగట్టు మీద మోచేతులు ఆనించి, ఒళ్ళు ఏటవాలుగా పెట్టి చేయండి. గట్టు నుంచి బల్ల, బల్ల నుంచి మంచం అంచు, చివరికి నేల. అంత దిగలేకపోయినా ఫర్వాలేదు.

పక్క కండరాలకి: సైడ్ ప్లాంక్, గోడ, చేతిసంచి

మోకాలికి అన్నిటికన్నా ఎక్కువ అక్కరకొచ్చేవి డొక్క కండరాలు, తుంటి పక్క కండరాలు. ఎందుకంటే నడకంటే ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదకి బరువు మార్చుకోవడమే. యేల్ అధ్యయనంలో కూడా పక్కకి ఊగడమే పెద్ద తేడా చూపించింది.

వీటికి సైడ్ ప్లాంక్, అంటే ఒక పక్కకి తిరిగి కింది మోచెయ్యి ఆనించి ఒళ్ళు ఎత్తి పట్టడం, గొప్పది. కెనడాలో వాటర్లూ విశ్వవిద్యాలయానికి చెందిన స్టూవర్ట్ మెక్‌గిల్ వెన్ను కోసం ఎంచిన మూడు వ్యాయామాల్లో ఇదొకటి, మిగతా రెండు కర్ల్ అప్ (వెల్లకిలా పడుకుని తల, భుజాలు కొంచెం ఎత్తేది), కింద చెప్పబోయే బర్డ్ డాగ్. కానీ మోకాలి వైపు నుంచి చూస్తే సైడ్ ప్లాంక్‌కి రెండు లోపాలున్నాయి. కాళ్ళు చాచి చేస్తే కింది మోకాలి మీద పక్కవాటుగా ఒత్తిడి పడుతుంది, మోకాలి పక్కన ఎముకల్ని కలిపి పట్టే లిగమెంట్ దెబ్బతిన్నవాళ్ళకి అది పనికిరాదు. మోకాళ్ళు మడిచి చేస్తే బరువు మోకాలి బయటి ఎముక మీద పడుతుంది, కొందరికి అది ఓర్చుకోలేని నొప్పి.

అలాంటివాళ్ళు గోడకి పక్కగా నిలబడి, మోచెయ్యి గోడకి ఆనించి, పాదాలు గోడకి అడుగున్నర దూరంలో పెట్టి, ఒళ్ళు కర్రలా తిన్నగా ఉంచి 8 నుంచి 10 సెకన్లు ఆగితే చాలు. ఇది చూడ్డానికి ఏమీ చేయనట్టుంటుంది. రెండో వారానికి డొక్కల్లో పట్టు తెలుస్తుంది.

ఇంకో దారి, నాకు చాలా ఇష్టమైనది. ఒక చేతిలో సంచి పట్టుకుని నడవడం. రెండు కేజీల బియ్యం ప్యాకెట్ సంచిలో వేసుకుని, భుజాలు సమంగా పెట్టి, హాల్లో ఆ చివర నుంచి ఈ చివరికి. తర్వాత చెయ్యి మార్చండి. బరువు ఒకవైపు లాగుతుంటే ఎదుటివైపు డొక్క, తుంటి కండరాలు నిలబెడతాయి. బిందె చంకనెత్తుకుని నడిచిన మన అమ్మమ్మలు వంగకుండా ఎలా నడిచారో గుర్తుచేసుకోండి. అయితే ఇది నిలబడి చేసేది కాబట్టి నడిస్తే నొప్పి (అసలు లేకపోతే సున్నా, భరించలేనంత ఉంటే 10 అనుకుంటే) 10కి 3 దాటేవాళ్ళు గోడతోనే మొదలుపెట్టాలి.

బ్రిడ్జ్, బర్డ్ డాగ్

వెనకవైపుకి ఈ రెండే ప్రధానం. బ్రిడ్జ్ అంటే మన సేతుబంధాసనం. వెల్లకిలా పడుకుని మోకాళ్ళు మడిచి పిరుదులు ఎత్తడం. పిరుదు కండరాలకి ఇంత మంచి తొలి వ్యాయామం లేదు. చాలామంది పాదాలు దూరంగా పెట్టి చేసి తొడ వెనక పట్టేసిందంటారు. మడమలు పిరుదులకి దగ్గరగా లాక్కోండి, మోకాలు ఎంత మడిస్తే నొప్పి రాదో అంతవరకే. తొడ వెనక కండరం నుంచి స్నాయువు (టెండన్) తీసి ఏసీఎల్, అంటే మోకాలి లోపలి ముఖ్యమైన లిగమెంట్, ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళు మొదటి వారాల్లో సర్జన్ సరేనంటేనే చేయాలి, ఆ గాయం మానడానికి సమయం పడుతుంది.

బర్డ్ డాగ్ నాలుగు కాళ్ళ మీద నిలబడ్డట్టు మోకాళ్ళు, చేతులు ఆనించి, ఒక చెయ్యీ ఎదుటి కాలూ చాచడం. వెన్నుకి చక్కటిది. మోకాళ్ళ మీద నిలబడగలిగినవాళ్ళకే. చిప్ప నొప్పి ఉన్నవాళ్ళకి, మోకాలు మార్పిడి అయినవాళ్ళకి బల్ల మీద చేతులు ఆనించి, నిలబడే చేయిస్తాను. మడత దుప్పటి మోకాళ్ళ కింద వేసుకుంటే సరిపోతుందని అంటారు కొందరు. కొందరికి సరిపోతుంది, అందరికీ కాదు.

సిట్ అప్స్, బెల్టులు, యోగా, ఈత

సిట్ అప్స్ వద్దు. వెన్ను పదే పదే వంగుతుంది, మోకాలికి ఒరిగేది లేదు.

నడుము బెల్టు నొప్పి ఎక్కువగా ఉన్న కొద్ది రోజులకి ఊరట, కండరానికి శిక్షణ కాదు. కరెంటుతో పొట్ట కండరాలు అదిరేలా చేసే బెల్టుల మీద డబ్బు పెట్టకండి.

యోగా విషయంలో నా అభిప్రాయం అనుకూలమే. అమెరికన్ కాలేజ్ ఆఫ్ రుమటాలజీ 2019 మార్గదర్శకాల్లో మోకాలి అరుగుదలకి తాయ్ చీని (నెమ్మది కదలికల చైనా వ్యాయామం) గట్టిగా, యోగాని అంతకన్నా మెత్తగా సిఫారసు చేసింది. నా షరతల్లా ఆసనం ఎంపిక గురించే. వజ్రాసనం, పద్మాసనం, వీరాసనం చిప్ప నొప్పి ఉన్న మోకాలిని పిండేస్తాయి. సేతుబంధాసనం, గోడ పట్టుకుని వృక్షాసనం, కుర్చీ మీద చేసే ఆసనాలు అలా కాదు. గురువు గారికి మోకాలి సంగతి ముందే చెప్పండి. భోజనం అయ్యాక వజ్రాసనం వేస్తే తిన్నది అరుగుతుందని నొప్పి పళ్ళ బిగువున భరిస్తూ కూర్చునేవాళ్ళు చాలామంది, వాళ్ళని చూస్తే బాధేస్తుంది.

కొలను అందుబాటులో ఉంటే, ఒళ్ళు బాగా బరువున్నవాళ్ళకి నీళ్ళలో నడక మంచి ఎంపిక. ఛాతీ లోతు నీళ్ళలో కాళ్ళ మీద పడే బరువు సుమారు మూడో వంతుకి తగ్గుతుంది, నీటి తోపుకి నిలబడడానికి నడుము కండరాలు వాటంతట అవే పనిచేస్తాయి. మన ఊళ్ళలో ఆడవాళ్ళకి వీలైన కొలను దొరకడమే కష్టం.

ఎవరికి ఏది ముందు

అరుగుదల ఉన్న పెద్దవాళ్ళు డెడ్ బగ్, బ్రిడ్జ్, గోడకి పక్కగా నిలబడడం, కుర్చీ నుంచి లేవడం, ఈ నాలుగూ తీసుకోవాలి. నడకలో భుజాలు నొప్పి కాలివైపుకి ఒరుగుతుంటే ఇంట్లోవాళ్ళు తిన్నగా నడువమ్మా అని కసురుతుంటారు. దయచేసి అలా అనకండి. అలా ఒరిగితే మోకాలి లోపలి భాగం మీద పడే భారం తగ్గుతుందని కొలతల్లో తేలింది. అది శరీరం తనంత తాను వెతుక్కున్న ఉపాయం. నొప్పి లేని వైపు చేతికి ఒక కర్ర ఇవ్వండి, అదే పని కర్ర చేస్తుంది, ఒరగడం దానంతట అదే తగ్గుతుంది. బరువు సంగతి కూడా చెప్పాలి: 2005లో వచ్చిన ఒక అమెరికా అధ్యయనం ప్రకారం ఒక కేజీ తగ్గితే, వేసే ప్రతి అడుగులో మోకాలి మీద నాలుగు కేజీల భారం తగ్గుతుంది.

ఇరవై, ముప్పై ఏళ్ళవాళ్ళు రోజంతా కంప్యూటర్ ముందు కూర్చుని, లేచేసరికి చిప్ప వెనక నొప్పి, మెట్లు దిగితే నొప్పి అంటారు. వీళ్ళకి తొడతో పాటు తుంటి వ్యాయామం కలపాలని అమెరికా ఫిజియోథెరపిస్టుల సంఘం 2019 నాటి మార్గదర్శకాలు చెబుతున్నాయి. దానికి నేను సైడ్ ప్లాంక్ కలుపుతాను, ఏ రకం నొప్పి పెట్టకపోతే ఆ రకం. ఇంకో చిన్న మార్పు ఉంది: మెట్లెక్కేటప్పుడు, గుంజీలు తీసేటప్పుడు నిటారుగా ఉండాలని పట్టుపట్టకుండా, తుంటి దగ్గర కొద్దిగా ముందుకి వంగండి. బరువు చిప్ప మీంచి పిరుదుకి మారుతుంది. ఒకే మెట్టు మీద రెండు రకాలుగా ఎక్కి చూడండి, తేడా అక్కడే తెలుస్తుంది.

ఏసీఎల్ తెగిన ఆటగాళ్ళకి ఎంపిక దశని బట్టి మారుతుంది. మొదట పడుకుని చేసేవి, తర్వాత నిలబడి చేసేవి, ఆఖరున దూకి దిగడం. దిగేటప్పుడు మొండెం దిగే కాలివైపుకి ఒరిగితే మోకాలు లోపలికి పోతుంది, లిగమెంట్ తెగేది చాలాసార్లు అప్పుడే. ఫుట్‌బాల్ ఆటగాళ్ళ కోసం తయారైన ఫిఫా 11 ప్లస్ అనే 20 నిమిషాల వార్మప్‌లో ప్లాంక్, సైడ్ ప్లాంక్ రెండూ ఉన్నాయి. మన కబడ్డీ, ఖోఖో కోచ్‌లు ప్రాక్టీసుకి ముందు దీన్ని చేయిస్తే ఎంత బాగుంటుందో.

మోకాలు మార్పిడి అయినవాళ్ళు మోకాళ్ళ మీద నిలబడేవి వదిలేసి, మంచం మీద చేసేవాటితో, గట్టు దగ్గర చేసేవాటితో సరిపెట్టుకోవచ్చు. వాళ్ళకి అవే సరిపోతాయి.

ఎంత, ఎన్నిసార్లు

నిమిషాల తరబడి ప్లాంక్ పట్టడం వద్దు. 8 నుంచి 10 సెకన్లు పట్టి వదలండి, అలా ఐదారుసార్లు, వారానికి నాలుగైదు రోజులు. పెద్దగా లెక్కపెడుతూ చేయండి: ఒకటి, రెండు, మూడు. లెక్క వినపడుతోందంటే ఊపిరి ఆగలేదన్నమాట. బీపీ ఉన్నవాళ్ళకి ఇది తప్పనిసరి. హెర్నియా ఉన్నవాళ్ళు, కాన్పు తర్వాత పొట్ట మధ్యలో చీలిక మిగిలినవాళ్ళు, గుండె జబ్బువాళ్ళు ముందు డాక్టర్ని అడగండి.

చేసేటప్పుడు నొప్పి 10కి 3 లోపు ఉండి, మర్నాడు పొద్దుటికి మామూలైపోతే కొనసాగించవచ్చు. మర్నాడు మోకాలు వాచి కనపడితే ఎక్కువ చేశారని అర్థం, సగానికి తగ్గించండి. మార్పు తెలియడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. రెండు వారాలకే వదిలేసి ఇంకో వీడియో వెతుక్కోవద్దు.

మోకాలు హఠాత్తుగా వాచినా, మధ్యలో ఇరుక్కుని కదలకపోయినా, ఎర్రబడి జ్వరం వచ్చినా, పిక్క వాచి నొప్పి పెట్టినా వ్యాయామం ఆపి డాక్టర్ దగ్గరకి వెళ్ళండి. కాళ్ళు తిమ్మిరెక్కి మూత్రం మీద అదుపు తప్పితే ఆ రోజే వెళ్ళాలి.

ఆవిడ సంగతి చెప్పడం మిగిలింది. ఎనిమిది వారాల తర్వాత మళ్ళీ కుర్చీలోంచి లేవమన్నాను. కుర్చీ అంచుకి జరిగారు, పాత అలవాటుగా చేతులు తొడల మీదకి పోబోయి మధ్యలో ఆగాయి. రెండు చేతులూ ఛాతీ మీద కట్టుకుని, నాకు వినపడేలా ఒకటీ అని లెక్కపెడుతూ లేచారు. ఏడుసార్లు లేచారు. ఆ వయసువాళ్ళ లెక్కకి ఇంకా తక్కువే. ఎడమకి ఒరగడం కూడా పూర్తిగా పోలేదు. మంచం మీద పడుకోబెట్టి నడుము కింద చెయ్యి పెట్టాను. కాలు జానెడు లేచింది, నడుము నా చేతి మీదే ఉంది.